పిడికెడు బియ్యం, రెండో సంచి



కూలివారి పిల్లలకు సైన్సు ఎందుకు, నాలుగక్షరాలు వస్తే చాలదా అనేవారు మన సంఘాల్లో ఇంకా ఉన్నారు. మేమూ మనసులో అలా అనుకున్నవారమే. అందుకే మా అనుభవం ఒకటి ఈ నెల మీ ముందు పెడుతున్నాము.

కేంద్ర ప్రభుత్వ శాస్త్ర సాంకేతిక శాఖవారి పథకం ఇన్‌స్పైర్ మానక్. బడి పిల్లలు తమ సొంత ఆలోచనను బడి ద్వారా పంపాలి. ఎంపికైనవారికి నమూనా తయారీ కోసం 10,000 రూపాయలు వారి బ్యాంకు ఖాతాలోనే వేస్తారు. తర్వాత జిల్లా ప్రదర్శన, అక్కడ ఎంపికైతే రాష్ట్ర ప్రదర్శన ఉంటాయి.

మా పేటలో ఎనిమిదో తరగతి అమ్మాయి ఆలోచన ఎంపికైంది. వాళ్లమ్మ మిరప కోతకు పోతుంది. ఒడిలో కాయ నిండేకొద్దీ నడుము లాగేస్తుంది. బరువు భుజాల మీద పడేటట్టు, కింద ముడి విప్పితే కాయ జారేటట్టు ఒక సంచి కుట్టాలని ఆ పిల్ల ఆలోచన.

బ్యాంకులో చిక్కు వచ్చింది. ఆధార్‌లో ఒక పేరు, బడి రికార్డులో మరో పేరు. మన ఇళ్లలో ఇది కొత్త కాదు గదా! సరిచేయించేలోగా ప్రదర్శన దగ్గరపడింది.

పిడికెడు బియ్యం అమ్మిన డబ్బులోంచి ఇద్దామని స్త్రీల సమాజంవారు అన్నారు. అది ప్రహరీ గోడకని దాచిన డబ్బు. పెద్దలు ఒప్పుకోలేదు. నిజం చెప్పాలంటే మేమూ గోడ వైపే మాట్లాడాము. అప్పుడు ఒక ముసలమ్మ లేచి, "అయ్యగారూ, గోడ వచ్చే ఏడైనా కట్టుకోవచ్చు. పిల్లకు ఈ అవకాశం వచ్చే ఏడు ఉంటదా?" అన్నది. మా దగ్గర జవాబు లేకపోయింది.

మొదటి సంచి పనికిరాలేదు. గంటసేపు కోసి తూచితే, ఒడితో కోసినదానికంటే తక్కువే తూగింది. పట్టీ భుజాన్ని ఒరిసింది. పిల్ల ఏడ్చింది. స్త్రీల సమాజంవారు మళ్లీ గుడ్డ కొనిచ్చారు. పట్టీ వెడల్పు చేసి, సంచి మూతి మార్చి కుట్టించింది. ఈసారి తూకం సమానంగా వచ్చింది, నడుము నొప్పి తగ్గిందని తల్లి చెప్పింది.

జిల్లాలో బహుమతి రాలేదు. కాని మాకు ఒక సంగతి తెలిసింది. కలిగిన ఇంటి పిల్ల నాలుగుసార్లు చెడగొట్టి అయిదోసారి బాగుచేస్తుంది. కూలి ఇంటి పిల్లకు మొదటిసారి చెడితే అంతటితో సరి. చేసి చూడడం, తప్పు తెలుసుకోవడం, మళ్లీ చేయడం, ఇదే గదా సైన్సు! కనుక మనమిచ్చే సాయం రెండో సంచికి కూడా సరిపోవాలి. తోడు వెళ్లే తల్లికి పోయే కూలి, బస్సు చార్జీ కూడా లెక్కలో వేయాలి.

1999లో మొదలైన అగస్త్య ఫౌండేషన్‌వారు కుప్పం దగ్గర కేంద్రం పెట్టి, పల్లె బడులకు వ్యాన్లలో సైన్సు పరికరాలు తీసుకువెళుతున్నారు. అటువంటి వ్యాను ప్రతి ఊరికీ రాకపోవచ్చు. పిడికెడు బియ్యం మాత్రం ప్రతి ఇంటా ఉంది.

పిల్లల పేర్లు కాగితాలన్నిటిలో ఒకటిగా ఉన్నాయేమో ఈ నెలలోనే చూడండి. ఖాతా ముందే తెరిపించండి. ఈ పథకం గురించి హెడ్మాస్టరుగారిని అడగండి.

ప్రభుత్వం డబ్బు ఆలస్యంగానైనా వచ్చింది. ఆ పిల్ల తండ్రి సంఘం డబ్బు తెచ్చి బల్లమీద పెట్టాడు. దాన్ని వేరే పుస్తకంలో రాసి, తర్వాతి పిల్లకోసం ఉంచాము. గోడ ఇంకా సగంలోనే ఉంది.