తెర వెనుక సూదీ దారం

నాటకం అయిపోయి తెర పడగానే చప్పట్లు కొడతాం. ‘ఎంత బాగా చేశాడో!’ అనుకుంటూ ఇంటికొస్తాం. రాజుగారి భుజం మీది ఉత్తరీయం రంగు ఎవరు ఎంచారో, ఆ కోటగోడ ఎవరి బుర్రలో పుట్టిందో ఎంతమందిమి అడుగుతాం?

మా పక్కింటమ్మాయి ఈమధ్యే ఇంటర్ పూర్తి చేసింది. బొమ్మలు చక్కగా వేస్తుంది. కాలేజీ నాటకానికి వాళ్లమ్మ పాత చీరలతోనే వేషాలన్నీ తయారుచేసింది. “నాటకాలకు సెట్లు, కాస్ట్యూమ్స్ తయారుచేసే పని నేర్చుకుంటాను పిన్నిగారూ” అంది. వాళ్ల నాన్నగారు మాత్రం “ఇంత చదివించింది దర్జీపని చెయ్యడానికా?” అన్నారట!

ఆ మాట విన్నప్పుడు నాకు రోషన్ అల్కాజీ గుర్తొచ్చారు. బొంబాయిలో నాటకాలంటే ప్రాణం పెట్టే పదమ్‌సీల ఇంటి ఆడపడుచు ఆమె. భర్త ఇబ్రహీం అల్కాజీ 1962 నుంచి 1977 వరకూ ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాకు డైరెక్టర్. ఆయన పేరు దేశమంతా తెలుసు. ఆయన నాటకాల్లో ఎన్నిటికో దుస్తులు రూపొందించిన ఆమె పేరు మనలో ఎందరికి తెలుసు? 1974లో పురానా ఖిలా శిథిలాల మధ్య గిరీశ్ కర్నాడ్ ‘తుగ్లక్’ ఆడినప్పుడు కూడా దుస్తులు ఆమెవే.

కుట్టించి ఇవ్వడంతోనే ఆమె ఊరుకోలేదు. శిల్పాలనూ చిత్రాలనూ పరిశీలించి, మన ప్రాచీనులు ఏం కట్టారో, ఎలా కట్టారో బొమ్మలతో సహా పుస్తకంగా తెచ్చారు. 1983లో వచ్చిన ఆ పుస్తకంలో మన శాతవాహనుల కాలం నాటి కట్టూబొట్టూ ఉన్నాయి. 2007లో ఆమె కన్నుమూశారు. ఇది దర్జీపనా? నిజానికి దర్జీపనైనా చిన్నతనమేం కాదు, అది వేరే సంగతి!

ఈ పనికి ముందు నాటకం మొత్తం చదవాలి. ఏ పాత్ర ఎన్నిసార్లు దుస్తులు మారుస్తుంది, మధ్యలో ఎంత సమయం ఉంటుంది అన్నది లెక్క వేసుకోవాలి. ఎర్రచీర మీద ఆకుపచ్చ లైటు పడితే నల్లగా కనిపిస్తుంది, అది తెలిసుండాలి. సెట్టయితే ముందు కొలతల ప్రకారం చిన్న నమూనా కట్టి, చివరి వరసలో కూర్చున్న వాళ్లకి కూడా కనబడుతుందో లేదో చూసుకోవాలి. చరిత్ర, లెక్కలు, బొమ్మలు, పొదుపు... అన్నీ కావాలి. భరతముని ఆహార్యాన్ని నాలుగు అభినయాల్లో ఒకటిగా చెప్పింది ఊరికే కాదు.

మనకిది కొత్తా? 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన సురభి నాటక సమాజాల్లో కుటుంబానికి కుటుంబమే నటిస్తుంది, తెరలూ నగలూ కూడా తనే చూసుకుంటుంది.

ఆ తండ్రి భయం పూర్తిగా తప్పనను. నాటకాన్నే నమ్ముకుంటే నెలనెలా జీతం రాదు. ఈ రంగంలో చాలామంది సినిమాలకో, టీవీకో పనిచేస్తూనో, పాఠాలు చెబుతూనో నెట్టుకొస్తారు. కానీ ఆ రాబడి అంత తక్కువగా ఉండడానికి మనమూ కొంత కారణం కాదూ? స్కూలు వార్షికోత్సవం వస్తే “మీరు బాగా కుడతారుగా, ఓ పది గౌన్లు కుట్టిపెట్టండి” అంటారు. రాత్రిళ్లు మేలుకుని కుడతాం. డబ్బూ ఉండదు, కరపత్రంలో పేరూ ఉండదు. ఇంట్లో కుడితే ‘కాలక్షేపం’. ఉచితంగా దొరికే నేర్పుకి విలువ ఎక్కణ్ణుంచి వస్తుంది?

అందుకే ఆ అమ్మాయికి ఒకటే చెప్పాను. నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో చేరాలంటే డిగ్రీ, నాటకాల్లో పనిచేసిన అనుభవం అడుగుతారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ రంగస్థల కళల శాఖ ఉంది. కాబట్టి ముందు డిగ్రీలో చేరు, చదువుతూనే నాటకాలకు పనిచెయ్యి, వేసిన ప్రతి బొమ్మా దాచిపెట్టు అన్నాను. వాళ్ల నాన్నగారితో నేనూ మాట్లాడతానన్నాను.

మీరూ ఒక పని చెయ్యండి. ఈసారి నాటకానికి వెళ్లినప్పుడు కరపత్రంలో ఆ పేరు కోసం వెతకండి. కనిపించకపోతే, నిర్వాహకుల్ని అడగండి. అడిగేవాళ్లుంటేనే కదా పేరు అచ్చయ్యేది!