సబ్బు పేరు మోసిన కథలు

డిగ్రీలో ఉండగా దసరా సెలవులకు ఇంటికి వెళ్లాను. పక్కింట్లో సీరియల్ చూసి, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ వచ్చిన అమ్మతో "ఈ సోప్ ఒపేరాలు ఎందుకే నీకు?" అని నవ్వాను. "సబ్బులేందిరా?" అంది అమ్మ. చెప్పలేకపోయాను. ఇంగ్లీషు పేపర్లో చూసిన మాట, గొప్పకు వాడానంతే.

పీజీకొచ్చాక లైబ్రరీలో వెతికాను. ఒపేరా అంటే ఇటలీలో పుట్టిన సంగీత నాటకం, పెద్దింటివాళ్ల కళగా పేరుపడింది. సోప్ అంటే, తమ్ముళ్లూ, నెలాఖరుకు మనం అరగదీసి వాడుకునేదే. ఈ రెంటికీ పొత్తు అమెరికాలో కుదిరింది. 1930లో చికాగో రేడియోలో ఇర్నా ఫిలిప్స్ అనే ఆవిడ 'పెయింటెడ్ డ్రీమ్స్' అనే రోజువారీ కథ మొదలుపెట్టింది. 1933లో ప్రాక్టర్ అండ్ గాంబుల్ కంపెనీ, ఆక్సిడాల్ అనే తన బట్టల సబ్బుపొడి అమ్ముకోవడానికి 'మా పెర్కిన్స్' అనే కథకు డబ్బు పెట్టింది. రోజూ పగటిపూట పావుగంట. వినేది ఇంటిపని చేసుకునే ఆడవాళ్లు. ఉతికేదీ వాళ్లే, సబ్బు కొనేదీ వాళ్లే. ఆ కథ 1960 దాకా నడిచింది. ఇర్నా ఫిలిప్స్‌దే ఇంకోటి, 'గైడింగ్ లైట్', 1937లో రేడియోలో మొదలై, 1952లో టీవీకెక్కి, 2009లో గాని ఆగలేదు. మా తాత పుట్టకముందు మొదలై నేను బడికి పోయేదాకా నడిచిందన్నమాట!

ఈ కథలకు సోప్ ఒపేరా అని ఎగతాళిగా పేరు పెట్టింది అక్కడి పత్రికలవాళ్లు. నా అభ్యంతరం ఇక్కడే. కథ రాయించింది కంపెనీ, లాభం కంపెనీది, నవ్వులపాలైంది మాత్రం వినే ఆడవాళ్లు. అలాగని మన సీరియళ్లను వెనకేసుకురాను. పట్టుచీరలతో నిద్రలేచే ఆ ఇళ్లలో కూలికి పోయే మనిషి ఒక్కరూ కనబడరు. కానీ ఆ మాట అడగవలసింది తీసినవాళ్లను, అమ్మను కాదు. మనం టీవీ గదిలో క్రికెట్ చూస్తుంటే ఓవర్ ఓవర్‌కూ ప్రకటనలు రావా? దానికి కూల్‌డ్రింక్ ఒపేరా అని ఎవరూ పేరు పెట్టలేదే!

మొన్న సంక్రాంతికి ఈ సంగతంతా అమ్మకు చెప్పాను. విని, టీవీ వైపే చూస్తూ "ఆగు, ఇప్పుడు సబ్బు వస్తది" అంది. వచ్చింది.