గండి పడకముందే గట్టు చూచుకొనవలెను



కాలువకు నీరు వదలక మునుపే గట్టు వెంబడి నడచి, ఎలుక బొరియ యెచ్చటనున్నదో, తూము యెచ్చట సడలినదో చూచుకొనుట కృష్ణా డెల్టా రైతునకు వాడుకయే. మెట్టరైతు భయము అనావృష్టి. దివిసీమ రైతు భయము ఉప్పెన. ఎవరి గట్టు వారే చూచుకొనవలెను. లెక్కలు కంప్యూటరున కెక్కిన యీ కాలమున సంఘములకును ఆ బుద్ధియే కావలెనని నా యభిప్రాయము.

"మనది చిన్న సంఘము, దొంగ యేల వచ్చును?" అని కొందరందురు. 2021 సెప్టెంబరులో అమెరికాలోని అయోవా రాష్ట్రమున న్యూ కోఆపరేటివ్ అను రైతుల సహకార సంఘపు కంప్యూటర్లను దొంగలు బంధించి 59 లక్షల డాలర్లు అడిగిరి. విత్తు వేళ, కోత వేళ ఇట్టి సంఘములపై దాడులు జరుగవచ్చునని 2022 ఏప్రిలులో ఆ దేశపు ఎఫ్.బి.ఐ. హెచ్చరించెను. ఆ దినములలో రైతు సంఘము ఆగజాలదని దొంగ యెఱుగును. 2022 జనవరిలో హైదరాబాదున మహేష్ సహకార బ్యాంకు నుండి సుమారు 12 కోట్ల రూపాయలు పోయెను. ఉద్యోగులకు వచ్చిన మోసపు ఈ-మెయిళ్లే దొంగలకు దారి చూపెను. 2024 జూలైలో సి-ఎడ్జ్ అను సంస్థపై దాడి జరుగగా, దానిపై ఆధారపడిన దాదాపు 300 చిన్న బ్యాంకుల చెల్లింపులు కొంతకాలము నిలిచెను. లోపము ఒకచోట, ఇబ్బంది మఱియొకచోట!

కావున పట్టణపు బ్యాంకునకు వ్రాసిన జాగ్రత్తల పట్టీని నకలు చేసికొనిన చాలదు. సార్వా ఋణము లిచ్చుటకు ముందే పాలకవర్గము కూర్చుండి నాలుగు ప్రశ్నలకు జవాబు వ్రాసికొనవలెను. మనయొద్ద దొంగిలింపదగిన దేమి? ఋణపు సొమ్ము, సభ్యుల ఆధారు సంఖ్యలు, భూముల వివరములు. దొంగ యే దారిని వచ్చును? పదిమందికి తెలిసిన పాస్‌వర్డు, గుర్తెఱుగని లేఖ, యంత్రము బాగుచేయ వచ్చినవాని చేయి. ఏ నెలలో వచ్చిన దెబ్బ యెక్కువ? యంత్ర మాగిన నాడు పని యెట్లు జరుగును?

జవాబులు కష్టములు కావు. పెద్ద చెల్లింపునకు ఇద్దరి యనుమతి యుండవలెను. లెక్కల ప్రతి యొకటి కంప్యూటరునుండి వేఱుచేసి దాచవలెను. బాకీల పట్టీ, ఎరువుల నిల్వ కాగితముపైనను ఉండవలెను. సొమ్ము పోయినచో తక్షణమే 1930కి ఫోను చేయవలెను.

కార్యదర్శి యొక్కడే యిన్ని పనులు చేయజాలడను మాట నిజము. అందుచేతనే యీ భారము పాలకవర్గముది, మన యందఱిది. గండి పడిన పిదప లస్కరును నిందించిన చేను దక్కునా?