ఆగినంత మాత్రమున చాలునా?

కంప్యూటరు ప్రోగ్రాములలోని దోషములను వెదకుటకు డిబగ్గరను సాధనము గలదు. ప్రోగ్రామును కోరినచోట నిలుపుటకు దానికి రెండు మార్గములు. ఇంటెల్ ప్రాసెసర్లలో మొదటిది, అచ్చటి ఆజ్ఞయొక్క తొలి బైటును తీసి వేఱొక బైటు నుంచుట. ఇది సాఫ్ట్‌వేర్ బ్రేక్‌పాయింటు. రెండవది, ఆజ్ఞను ముట్టక, దాని చిరునామాను ప్రాసెసరులోని రిజిస్టరునందు వ్రాయుట. ఇది హార్డ్‌వేర్ బ్రేక్‌పాయింటు. 1985లో వెలువడిన ఇంటెల్ 80386 నందు ఇట్టి చిరునామాలకు నాలుగే రిజిస్టర్లు గలవు.

రెండవ దానిని పరీక్షించునపుడు, ప్రోగ్రాము ఆగినది గదా యని కొందఱు తృప్తిపడుదురు. అది చాలదని నా యభిప్రాయము. డిబగ్గరు మొదటి మార్గముననే నిలిపియుండవచ్చును. పైగా, మార్చిన బైటును దాచి పూర్వపు బైటునే చూపు డిబగ్గర్లు గలవు. కావున సాక్ష్యము దానినే యడుగరాదు. పరీక్షింపబడు ప్రోగ్రామే తన బైటును తాను చదివి, అది మాఱలేదని తెలుపవలయును. పిమ్మట నైదవ బ్రేక్‌పాయింటును గూడ కోరి చూడవలయును. వీలుకాదని డిబగ్గరు స్పష్టముగా చెప్పినచో అదియు విజయమే.

ఇంత పట్టుదల యేల యందురా? రోమ్ మెమరీలో బైటును మార్చుట శక్యముకాదు; అచ్చట మొదటి మార్గము పనికిరాదు. పేరునకు మాత్రము హార్డ్‌వేర్ బ్రేక్‌పాయింటు గల సాధనము ఆనాడు అక్కఱకు రాదు. తన పరిమితిని దాచు సాధనముకంటె చెప్పు సాధనమే మేలు.