ఓపెన్ జీపుకి ఓ తాళం పెట్టె

కారున్నవాళ్ళకి డిక్కీ ఉంటుంది. సామాను అందులో పెట్టి తాళం వేసుకుంటే ఎక్కడ ఆగినా బెంగలేదు. మాలాగా ఓపెన్ జీపున్నవాళ్ళ మాటేమిటి చెప్పండి! పైన కప్పు లేదు, పక్కన అద్దాలు లేవు. సంచీ కాళ్ళ దగ్గర పెట్టుకుని, దానిమీద ఓ కన్నేసి కూర్చోవాల్సిందే.

మూడేళ్ళ క్రితం మా ఆడపడుచు కూతురి పెళ్ళికి మేమిద్దరం అమలాపురం నించి రాజమండ్రి బయల్దేరాం. దారిలో రావులపాలెంలో టిఫిన్‌కి ఆగాం. రెండిడ్లీ తిని వచ్చేసరికి వెనక సీటు మీది సంచీ లేదు. మేనమామగా మా వారు పెళ్ళికూతురికి పెట్టాల్సిన పట్టుచీర అందులోనే ఉంది. రాజమండ్రిలో దిగగానే హడావిడిగా ఇంకోటి కొని పెట్టామనుకోండి. మా ఆడపడుచు ఒక్క మాటా అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధనిపించింది.

ఇంటికొచ్చాక "జీపుకి పెట్టె చేయిద్దాం" అన్నాను. "పొలానికి ఎరువు బస్తాలు వేసుకెళ్ళాలి, పెట్టె అడ్డం" అన్నారు మా వారు. ఆయన మాటా నిజమే. అందుకే కావాల్సినప్పుడు బిగించి, వద్దన్నప్పుడు తీసి పక్కన పెట్టుకునేలా చేయించాం.

ఇంట్లో పాత ట్రంకు పెట్టె ఉందిగా అంటారేమో. నేనూ ముందు దాన్నే పెట్టి చూశాను. గతుకుల్లో చెవులు చిల్లులు పడేలా మోత, పైగా గీతలు పడ్డచోటల్లా తుప్పు. ప్లైవుడ్ అయితే ఈ బాధలుండవు.

ముందుగా అట్టతో మొదలుపెట్టండి. ఫ్రిజ్ కొన్నప్పుడు వచ్చిన పెద్ద అట్టపెట్టెని కోసి, అనుకున్న కొలతకి ఓ నమూనా చేసి జీపులో పెట్టి చూడండి. మూత పూర్తిగా తెరుచుకుంటోందా? వెనక తలుపు పడుతోందా? పెట్టెని బయటికి తీయడానికి దారుందా? ఈ మూడూ చూసుకున్నాకే వడ్రంగిని పిలవండి.

మా జీపులో ఎదురెదురు సీట్ల మధ్య ఖాళీకి సరిపోయిన కొలతలివి: పొడవు 36 అంగుళాలు, వెడల్పు 18, ఎత్తు 15. ఎనిమిదడుగులు, నాలుగడుగుల ప్లైవుడ్ షీటు ఒక్కటి చాలు. 12 మిల్లీమీటర్ల మందం, ఐఎస్ 710 అని ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ అడగండి. మామూలు రకం వానకి పొరలు పొరలుగా విడిపోతుంది. ఖాళీ పెట్టె 15, 16 కిలోలు తూగుతుంది. ఇద్దరు పట్టుకుంటే సులువుగా దిగుతుంది. ఇంతకన్నా పెద్దది చేయించారంటే దింపడానికి మనుషుల కోసం వెతుక్కోవాలి.

లోపలి మూలల్లో అంగుళం చదరపు కర్ర నిలబెట్టి, నీళ్ళు తట్టుకునే జిగురు రాసి, స్క్రూలు బిగించమనండి. ఒట్టి మేకులు జీపు కుదుపులకి నెలలోపే వదులైపోతాయి. మూత ముందువైపూ, రెండు పక్కలా అంగుళం బయటికి ఉండాలి. ఆ అంచు కింద సన్నని పట్టీ కొడితే వాన నీళ్ళు లోపలికి పోకుండా జారిపోతాయి. వెనక బందుల మీద రెక్సిన్ ముక్క అతికించండి. బందుల స్క్రూలు, గడియ స్క్రూలు మూత వేశాక బయటికి కనిపించకూడదు. కనిపిస్తే దొంగకి తాళంతో పనేముంది, స్క్రూడ్రైవర్ చాలు!

రంగు వేసేటప్పుడు కోసిన అంచుల్ని మరిచిపోకండి. నీళ్ళు తాగేది అవే. ప్రైమర్ తర్వాత అంచులకి మూడు పూతలు ఎనామిల్ వేయించండి.

ఇక అసలు కిటుకు బిగించడంలో ఉంది. పెట్టె అడుగున అంగుళం కర్రలు రెండు, వాటి కింద రబ్బరు ముక్కలు వేయించండి. జీపులో పడ్డ వాన నీళ్ళు పెట్టె కిందనించి పోతాయి. నాలుగు మూలలా రెండున్నర అంగుళాల బోల్టులు పెట్టె లోపలినించి కర్రల గుండా కిందికి దిగి, జీపు నేల అడుగున వెల్డింగ్ చేసిన నట్లలో బిగుసుకోవాలి. బోల్టు తల కింద పెద్ద వాషర్ తప్పనిసరి. బోల్టు తలలు లోపల ఉంటాయి కాబట్టి మూతకి తాళం వేస్తే పెట్టెనీ ఎవరూ ఊడదీసుకుపోలేరు. తీయాలంటే మూత తెరిచి, 13 నంబరు పానాతో నాలుగు బోల్టులు విప్పడమే. జీపు నేలకి కన్నాలు వేసే పని మాత్రం మెకానిక్‌కే వదిలేయండి. కింద డీజిల్ ట్యాంకు, బ్రేకు పైపులు, వైర్లు ఉంటాయి.

"ఇవాళ్టికి ఊరికే పెట్టుకెళ్దాం, బోల్టులెందుకు" అనే మగవారుంటారు. ఒప్పుకోకండి. జీపు గభాలున ఆగితే పెట్టె ఆగదు. సామానుతో నిండిన పెట్టె అదే వేగంతో వచ్చి ముందు సీట్లో కూర్చున్న మన నడుం మీద పడుతుంది. బరువైనవి అడుగునే సర్దండి. ఆవకాయ జాడీ చుట్టూ పాత దుప్పటి చుట్టండి.

పెట్టె మీద పిల్లల్ని కూర్చోబెట్టకండి. గ్యాస్ సిలిండరు, పెట్రోలు డబ్బా అందులో పెట్టకండి. ఎండలో మూసిన పెట్టె పొయ్యిలా కాగిపోతుంది, అందుకని మందులు, ముఖ్యంగా ఇన్సులిన్, మీ చేతిసంచీలోనే ఉంచుకోండి. చోటు కోసమని జీపు సీట్లు తీయించకండి. ఆర్‌సీలో ఎన్ని సీట్లుంటే అన్నీ ఉండాలి. వెనక మనుషులు కూర్చోవాల్సిన రోజున పెట్టె తీసి ఇంట్లో పెట్టండి. మా ఇంట్లో అలా ఉన్న రోజుల్లో దాంట్లో పాత దుప్పట్లు, వేపాకు.

మొన్న ఆ పెళ్ళికూతురి బిడ్డకే అన్నప్రాశన. వెండి గిన్నె, కొత్త బట్టలు పెట్టెలో సర్ది తాళం వేశాను. రావులపాలెంలో అదే హోటలు దగ్గర ఆగాం. ఈసారి నాలుగిడ్లీ తిని, కాఫీ కూడా నిదానంగా తాగాను. "పెట్టె అడ్డం" అన్న మా వారే తాళంచెవి మొలతాడుకి కట్టుకుని తిరుగుతున్నారు!

మీరూ చేయించుకుంటే ఎలా కుదిరిందో నాకు రాయండి. వచ్చే వారం, వానాకాలంలో బీరువా బట్టలకి ముక్కవాసన రాకుండా ఏం చేయాలో చెప్పుకుందాం.