విప్పి చూడమనే బొమ్మ

కొత్త బొమ్మ కొనిచ్చిన సాయంత్రమే పిల్లాడు స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చుంటే ఏ తండ్రికైనా ఒళ్ళు మండుతుంది. 'వేలు పోసి కొన్నది విరగ్గొట్టడానికా?' అని కేకలేస్తాడు. 2004లో మార్కెట్లోకి వచ్చిన 'రోబోసేపియన్' దగ్గర మాత్రం ఆ కేకలు చెల్లవు. విప్పుకోవడానికి వీలుగా ఉండాలనే దాన్ని అలా తయారుచేశారు మరి!

దాని రూపకర్త మార్క్ టిల్డెన్. అమెరికాలో తొలి అణుబాంబు తయారైన లాస్ అలమోస్ ప్రయోగశాలలో పనిచేసిన శాస్త్రవేత్త. పెద్ద కంప్యూటర్ల అవసరం లేకుండా పురుగుల్లా పాకే చిన్నచిన్న రోబోలు చేయడంలో దిట్ట. ఆ విద్యనే హాంకాంగ్‌కు చెందిన 'వావ్‌వీ' కంపెనీ కోసం 14 అంగుళాల మరమనిషిగా మలిచాడు. అప్పట్లో అమెరికాలో దాని ధర దాదాపు 100 డాలర్లు ఉండేది. ఆ రోజుల్లోనే అందరూ నోరు తెరుచుకుని చూసిన సోనీ వారి 'క్యూరియో' రోబో అసలు అమ్మకానికే రాలేదు.

రిమోట్ నొక్కితే రోబోసేపియన్ 67 రకాల పనులు చేస్తుంది. వస్తువులు అందుకుంటుంది, విసిరేస్తుంది, కరాటే దెబ్బలు కొడుతుంది, డాన్సాడుతుంది. త్రేన్పులతో పాటు నలుగురిలో చెప్పుకోలేని చప్పుళ్ళూ చేస్తుంది. పిల్లలు పడిపోయింది వీటికే!

రోబోలంటే సరదా ఉన్నవాళ్ళను కట్టిపడేసింది మాత్రం దాని నడక. ఒళ్ళంతా కలిపి మోటార్లు ఏడంటే ఏడే. నడుములోని మోటారు మొండేన్ని ఓ పక్కకి వంచుతుంది. బరువు ఆ కాలి మీద పడగానే రెండో కాలు తేలికై ముందుకు ఊగుతుంది. గోడగడియారం లోలకం లాగే! టార్చిలైట్లో వేసే లావుపాటి బ్యాటరీలు నాలుగూ పాదాల్లోనే ఉంటాయి. అడుగున బరువుంటే తంజావూరు బొమ్మ పడిపోదు కదా, ఇదీ అంతే.

లోపాలు లేవా అంటే... ఉన్నాయి. కళ్ళు వెలుగుతాయే కానీ ఏమీ కనిపించదు. చప్పుడు వింటుంది, వేలికో పాదానికో ఏదైనా తగిలితే గుర్తిస్తుంది, అంతకుమించి తెలివి లేదు. రిమోట్‌తోనే ఆడుకునేవాళ్ళకి వారం తిరిగేసరికి విసుగొచ్చినా ఆశ్చర్యం లేదు.

స్క్రూలు విప్పితేనే అసలు సరదా. చాలా బొమ్మల్లోలా అంతా కలిపి జిగురుతో అతికించెయ్యలేదు. తీగలు ఊడదీసి మళ్ళీ తగిలించుకోవచ్చు. ఏది ఎక్కడికి వెళ్తుందో సర్క్యూట్ బోర్డు మీదే రాసి ఉంటుంది. కొందరు కళ్ళ లైట్ల రంగు మార్చారు, కొందరు కెమెరా బిగించారు. జర్మనీలోని ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయం వాళ్ళయితే ఏకంగా తల తీసేసి, ఆ చోట అరచేతిలో పట్టే కంప్యూటర్‌నీ కెమెరానీ పెట్టారు. రిమోట్ ఇచ్చే ఆదేశాలను ఆ కంప్యూటరే ఇచ్చింది. గుడ్డి బొమ్మ బంతిని వెతుక్కుంటూ వెళ్ళి ఫుట్‌బాల్ ఆడింది!

అన్నట్టు, స్విచ్ ఆపేసినప్పుడు రోబోసేపియన్ 'రోజ్‌బడ్' అంటుంది. 1941లో ఆర్సన్ వెల్స్ తీసిన 'సిటిజన్ కేన్' సినిమాలో కోటీశ్వరుడు ప్రాణం వదులుతూ పలికే మాట అది. మంచు మీద జారుతూ ఆయన చిన్నప్పుడు ఆడుకున్న బండి పేరు.