మన పనికి రేటు మనమే చెప్పాలి

ఇంట్లో కూర్చుని పని చేసి సంపాదించడం మన నిజామాబాద్ జిల్లాకు కొత్త కాదు. కంప్యూటర్ అనే మాట మన ఊళ్లకు రాకముందే మన అమ్మలు చాటలో తునికాకు, తంబాకు పెట్టుకుని వాకిట్లో బీడీలు చుట్టారు. ఇప్పటికీ చుడుతున్నారు. వెయ్యి బీడీలకు కూలి ఎంత, బాగోలేవని కార్ఖానా వాళ్లు ఎన్ని పక్కన పడేశారు, పి.ఎఫ్. కింద ఎంత కట్ అయింది, ఈ లెక్కలన్నీ చదువురాని తల్లి కూడా పైసాతో సహా చెప్పగలదు. డిగ్రీ చదివి, వెబ్ డిజైనింగ్ నేర్చుకుని, ఆర్మూర్‌లో ఇంట్లోనే కంప్యూటర్ పెట్టుకున్న తమ్ముణ్ణి “నీ ఒక రోజు పనికి ఎంత?” అని అడిగితే మాత్రం నేల చూపులు చూస్తాడు. హాస్టల్ పూర్వ విద్యార్థులుగా, అదే పని మీద బతుకుతున్న వాళ్లుగా మేము ఈ వార్షికోత్సవ సంచికలో రాయదలచుకున్నది దీని గురించే.

ఈ మొహమాటం కొంత హాస్టల్ నుండే వచ్చిందని మా అభిప్రాయం. పెట్టింది తిన్నాం, ఇచ్చిన దుప్పటి కప్పుకున్నాం, కాస్మెటిక్ చార్జీలు ఎప్పుడొస్తే అప్పుడు తీసుకున్నాం. ఇది హాస్టల్‌ను నిందించడం కాదు. ఆ అన్నం లేకుంటే మనలో సగం మంది పదో తరగతి దాటేవాళ్లం కాదు. కానీ ఇచ్చింది తీసుకోవడం అలవాటైన చేయి, అడగవలసిన చోట కూడా ముడుచుకుంటుంది. దుకాణం సేటు “ఎంత తీసుకుంటవు తమ్మీ” అంటే “మీకు తోచినంత ఇవ్వండి సార్” అని మనవాళ్ల నోటి నుండి వచ్చేస్తుంది. సేటుకు ఎప్పుడూ తక్కువే తోస్తుంది, అందులో ఆయన తప్పేమీ లేదు! మన తాతలు జీతానికి ఉన్న రోజుల్లో కూలి ఎంతో దొరే చెప్పేవాడు. ఆ వెట్టిచాకిరీని 1976లో చట్టం చేసి రద్దు చేశారు. మనమెందుకు ఆ మాటను నోట్లో మోసుకు తిరగాలి?

ఒక లెక్క వేద్దాం. ఇల్లు గడవడానికి నెలకు 17,000 అనుకుందాం. 45,000 పెట్టి కొన్న ల్యాప్‌టాప్ మూడేళ్లు నడిస్తే నెలకు 1,250 పడుతుంది. నెట్‌కు 750, కరెంటుకు 1,000, ఫోన్, తిరుగుడు ఖర్చులకు 1,000. పని లేని నెలకో, జ్వరం వచ్చిన వారానికో దాచుకోవడానికి 3,000. మొత్తం 24,000. ఇప్పుడు దీన్ని 25 రోజులతో భాగించకండి. పని వెతకడానికి, ఫోన్లు మాట్లాడటానికి, డబ్బుల కోసం తిరగడానికి సగం రోజులు పోతాయి. ఇంట్లో ఉన్నాం కాబట్టి ఖాళీగా ఉన్నామనుకుని బియ్యం పట్టించడానికి పంపేవాళ్లు సరేసరి. డబ్బులు పుట్టే రోజులు నెలకు 12 ఉంటే గొప్ప. అంటే రోజు ఖరీదు 2,000. ఒక ఎరువుల దుకాణానికి ఐదు పేజీల సైట్ ఆరు రోజులు పడితే 12,000.

అదే సైట్‌ను 3,000కు చేసే తమ్ముడి సంగతి చూడండి. రోజుకు 500, పన్నెండు రోజులకు 6,000. అందులో ల్యాప్‌టాప్, నెట్, కరెంటు, ఫోన్ ఖర్చులు 4,000 పోగా ఇంటికి ఇచ్చేది 2,000. ఎవరు ఎవరికి సాయం చేస్తున్నట్టు? పైగా ఊళ్లో ఆ 3,000 రేటే ఖాయమై, తర్వాత వచ్చే హాస్టల్ పిల్లవాడికి అదే ఉరితాడవుతుంది.

పసుపు రైతును చూస్తే మన పరిస్థితి ఎంత మేలో తెలుస్తుంది. ఆర్మూర్ చుట్టుపక్కల రైతు తొమ్మిది నెలలు పంట కాచి, తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టించి నిజామాబాద్ యార్డుకు తోలుకుపోతే అక్కడ ధర చెప్పేది ఖరీదుదారు. పసుపుకు మద్దతు ధర లేదు. 2019 ఫిబ్రవరిలో పసుపు, ఎర్రజొన్న రైతులు ఆర్మూర్ దగ్గర జాతీయ రహదారి మీద కూర్చున్నది గిట్టుబాటు ధర కోసమే. అదే ఏడాది పార్లమెంటు ఎన్నికల్లో 170 మందికి పైగా రైతులు పోటీకి దిగడంతో నిజామాబాద్ బరిలో 185 మంది అభ్యర్థులు నిలిచారు. 2025 జనవరిలో పసుపు బోర్డు కూడా వచ్చింది. అయినా ధర తేలేది పంట చేతికొచ్చాకే. మనకు ఆ గతి లేదు. పని మొదలుపెట్టకముందే ధర చెప్పే వీలు మనకుంది. ఆ వీలును వాడుకోకుండా, సైట్ అంతా చేసి చూపించాక రేటు మాట్లాడేవాడు చేజేతులా యార్డులో కుప్ప పోసి నిలబడ్డట్టే.

రైతు నుండి నేర్చుకోవలసిందీ ఉంది. కొమ్మును, మండను ఒకే కుప్పగా పోసి ఒకే రేటుకు అమ్మే రైతు ఉండడు. మనం మాత్రం డిజైన్, తెలుగు టైపింగ్, ఫొటోలు, డొమైన్, హోస్టింగ్, ఏడాది పొడుగునా మార్పులు, అన్నీ కలిపి ఒక్క అంకె చెప్పేస్తాం. విడివిడిగా రాయండి. మార్పులు రెండుసార్ల వరకు ఉచితం, ఆపైన ఇంత అని రాయండి. సగం అడ్వాన్సు తీసుకోండి, మిగిలింది సైట్ అప్పగించే ముందు. యార్డులో తక్‌పట్టీ లేకుండా లెక్క తేలదు కదా, మనకూ ఒక కాగితం ఉండాలి. డొమైన్ మాత్రం దుకాణదారు పేరు మీదే తీసుకోవాలి. డబ్బులు రాబట్టుకోవడానికి దాన్ని మన పేరున పెట్టుకుని పట్టుకు కూర్చోవడం మంచి పద్ధతి కాదని మేము గట్టిగా చెబుతాం.

ఇప్పుడు కొత్త మాట ఒకటి వినిపిస్తోంది: “ఏఐ ఊరికే చేసిస్తది గదా!” అది కొంత నిజమే. ఐదు పేజీల మామూలు సైట్ రేటు ముందు ముందు తగ్గుతుంది. కానీ ఆ దుకాణంలో ఏ విత్తనాలు ఉన్నాయో, ఫొటో ఎవరు తీయాలో, వచ్చే ఏడాది ఫోన్ నంబరు ఎవరు మార్చాలో అది చూసుకోదు. విదేశీ పనుల కోసం నెట్‌లో చేరినా ఖర్చు తప్పదు. ఫైవర్ లాంటి చోట 100 డాలర్ల పనికి మన చేతికొచ్చేది 80. రేటు చెప్పేటప్పుడే ఆ 20 కలుపుకోవాలి.

పెళ్లయి ఇంటి నుండి ఈ పని చేస్తున్న చెల్లెళ్లకు ఇంకో చిక్కుంది. వాళ్ల సంపాదనను ఇంట్లోవాళ్లే చేతి ఖర్చులంటారు. అమ్మ చుట్టిన బీడీలతో మన ఫీజులు కట్టినప్పుడు ఆ మాట ఎవరూ అనలేదు.

కులసంఘానికో, గుడికో, మన హాస్టల్‌కో ఉచితంగా చేయాలనిపిస్తే సంతోషంగా చేయండి. అయితే బిల్లు మాత్రం రాయండి. 12,000 అని వేసి, కింద “పూర్తిగా తగ్గించడమైనది” అని రాసి సంతకం పెట్టండి. మేము వాడే బిల్లు, ఒప్పందం కాగితాల నమూనాలు ఈ సభ రోజున రెండు కట్టలు తెచ్చి స్టడీ హాల్లో పెడతాం. కావలసిన వాళ్లు తీసుకుపోవచ్చు.